బలం సూదులు అయిపోయిన వారం

మా వైపు మనిషికి కాస్త నీరసంగా ఉందంటే చాలు, చెయ్యి చాపి కూర్చుంటాడు. "ఒక బలం సూది పొడిచెయ్యండి సిస్టర్ గారూ" అంటాడు. తాడేపల్లిగూడెంలో మా అమ్మా అంతే, ఏలూరులో నేను పనిచేసిన సెంటర్‌కి వచ్చే పెద్దమనుషులూ అంతే. ఎర్ర సూది అయితే రక్తం పడుతుందని, పచ్చ సూది అయితే నరాలకి మంచిదని వాళ్ళ నమ్మకం. సెలైన్ సీసాలో ఆ పచ్చమందు కలిపి, సీసా అంతా పసుపురంగుకి తిరగ్గానే మంచం మీదవాడికి సగం జబ్బు పోయినట్టే ఉండేది. నర్సుగా పనిచేసినన్నాళ్ళూ ఈ నమ్మకం చూసి నేను లోపల్లోపల నవ్వుకున్నాను. నవ్వుకుంటూనే అడిగినవాళ్ళందరికీ పొడిచాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అని అడుగుతుంటారు. నేను బాగుచేసి పంపినవాళ్ళ కథలు వినాలని వాళ్ళ సరదా. అలాంటివి ఉన్నాయి, లేకపోలేదు. అవి చెబితే నా గొప్ప వినడం తప్ప మీకు ఒరిగేదేమీ ఉండదు. అందుకని ఇది చెబుతున్నాను. విని తిట్టుకుంటే తిట్టుకోండి. నన్ను నేను తిట్టుకున్నంత మీరు ఎలాగూ తిట్టలేరు.

మాది తాగుడు మాన్పించే సెంటర్. ఊరి చివర, కాలవ దాటాక, ఒక పాత బంగళాలో ఉండేది. ట్రస్టు వాళ్ళు నడిపేవారు. డాక్టర్ గారు వారంలో కొన్నిరోజులు వచ్చి చూసి వెళ్ళేవారు. మిగతా వేళల్లో పెత్తనమంతా నాదే, హెడ్ నర్సుని కాబట్టి. నా తరవాత చెప్పుకోవలసినవాడు మా కౌన్సిలర్. ఒకప్పుడు మా దగ్గరే పేషెంటుగా చేరి, తాగుడు మానేసి, ఆ తరవాత చదువుకుని మా దగ్గరే ఉద్యోగానికి వచ్చాడు. మెత్తటి మనిషి. ఎవరినైనా గట్టిగా ఒకమాట అనాల్సి వస్తే నన్ను పిలిచేవాడు.

గట్టిగా అనడంలో నాకు మంచి పేరుండేది. గేటు లోపలికొచ్చే ప్రతి సంచీ నేనే దులిపేదాన్ని. కొబ్బరిబోండంలో మందు నింపి తెచ్చిన బావమరిదిని పట్టుకున్నాను. క్యారియర్ అడుగు గిన్నెలో సారా పోసి పైన పులిహోర పెట్టి తెచ్చిన తల్లిని కూడా పట్టుకున్నాను. నా వెనకాల నన్ను 'పోలీసు మేడమ్' అనేవారట. ఆ సంగతి తెలిసి కోపం రాకపోగా, చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఇంకాస్త నిటారుగా నడిచాను. తాగుబోతు నోరు తెరిస్తే అబద్ధమేనని నా గట్టి అభిప్రాయం. నా కళ్ళు కప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదని అంతకంటే గట్టి అభిప్రాయం.

అలాంటి రోజుల్లో కలిదిండి వైపు నుంచి ఒకతన్ని తీసుకొచ్చారు. చేపల చెరువుల మీద మేత చల్లే పని అతనిది. నలభై కూడా దాటలేదు గాని ఒళ్ళంతా ఎముకలే. తెల్లవారకుండా నీళ్ళలో దిగాలంటే చలికి ఒక గుక్క, వల లాగాక అలుపుకి ఇంకో గుక్క, సాయంత్రం తోటివాళ్ళతో ఇంకొంత. అలా మొదలై చివరికి తిండి స్థానంలో మందే మిగిలింది. భార్య కంచం పెడితే రెండు ముద్దలు కెలికి లేచిపోయేవాడట.

తీసుకొచ్చింది ఆ భార్యే. ముదినేపల్లి పిల్ల. పక్కన ఆమె అన్నలిద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఈసారి కూడా తాగాడంటే చెల్లెల్నీ పిల్లనీ తమతో తీసుకుపోతామని, మళ్ళీ ఆ గుమ్మం తొక్కనివ్వమని నా ఎదురుగానే తేల్చి చెప్పారు.

"ఈయన మంచోరేనండి మేడమ్ గారూ" అంది ఆమె. "ఆ మందొకటి లేకపోతే మాకేం లోటు లేదండి. ఈసారి మానేస్తానని పాప తల మీద చెయ్యేసి చెప్పారండి."

"ఆయ్, మానేస్తానండి. మీరెలా చెబితే అలాగేనండి" అన్నాడతను.

ఆ మాట నేను ఎంతమంది నోట విన్నానో. సరేలే అన్నట్టు తలూపి మంచం చూపించాను.

ఇక్కడ కాస్త మా పని సంగతి చెప్పాలి. తాగి తాగి తిండి మానేసినవాళ్ళ ఒంట్లో బి-వన్ అనే విటమిన్ అడుగంటిపోతుంది. గ్లూకోజ్‌ని మెదడు వాడుకోవాలంటే ఆ విటమిన్ ఉండాలి. అది లేని మనిషికి ముందు గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన ఆ కాస్తా ఖర్చయిపోతుంది, మెదడు దెబ్బతింటుంది. అందుకే మా డాక్టర్ గారు "ముందు బి-వన్ సూది, తరవాతే గ్లూకోజ్. ఈ వరస తప్పకూడదు సిస్టర్" అని చెప్పిందే చెప్పేవారు. మాత్రలు చాలవు. తాగుడుకి పాడైన పేగులు మాత్రని సరిగ్గా పీల్చుకోవు. ఇదంతా నేను చదువుకున్నాను, పరీక్షలో రాసి పాసయ్యాను కూడా.

ఆ వారం బీరువాలో బి-వన్ సూదులు లేవు. ఎందుకు లేవంటే బలం సూదుల కింద నేనే పంచేశాను. ద్వారకా తిరుమల కొండకి నడిచి వెళ్ళొచ్చి కాళ్ళు పీకుతున్నాయన్న ట్రస్టు సభ్యుడికి రోజూ ఒకటి పొడిచాను. ఆయన తల్లిగారికి ఇంటికి వెళ్ళి మరీ పొడిచాను. ఎదురింటి టీచరమ్మకి, తాడేపల్లిగూడెం నుంచి నన్ను చూడ్డానికి వచ్చిన మా చెల్లెలికి కూడా. అందరూ మూడుపూటలా శుభ్రంగా తినేవాళ్ళే, ఎవరి ఒంట్లోనూ ఏ లోటూ లేదు. ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చినట్టు ఇచ్చాను. వాళ్ళు కూడా కాఫీ తాగినట్టే పొడిపించుకుని, నా చెయ్యి మంచిదని మెచ్చుకుని వెళ్ళారు.

కొత్త సరుకు రావడం ఆలస్యమైంది. బజారులో మందుల షాపుకి మనిషిని పంపితే దొరికేవే. బలం మందుకి అంత హడావిడి ఎందుకులే అనుకున్నాను. అతనికి మాత్రలు వేశాను. అవి వేసుకున్న కాసేపటికే వాంతి చేసుకునేవాడు. మొహం పీక్కుపోయిందని, ఒక సీసా ఎక్కించండని భార్య బతిమాలితే గ్లూకోజ్ పెట్టాను. మర్నాడు మళ్ళీ పెట్టాను. డాక్టర్ గారు వచ్చినప్పుడు "బి-వన్ నడుస్తోందా సిస్టర్?" అని అడిగారు. "నడుస్తోందండి" అన్నాను. మాత్రలని చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

వణుకు తగ్గింది. వాంతులు తగ్గాయి. అతను వరండాలో కూర్చుని తోటివాళ్ళకి చెరువు కబుర్లు చెప్పే స్థితికి వచ్చాడు. భార్యకి ఫోన్ చేసి, ఆదివారం పాపని తీసుకురా అన్నాడట. ఆ ఫోన్ అయ్యాక నా దగ్గరికొచ్చి, ఆదివారానికి ఉతికిన చొక్కా ఒకటి ఇప్పించండి అని అడిగాడు.

ఆదివారం మధ్యాహ్నం మా దగ్గర కుటుంబాలన్నీ వచ్చేవి. హాల్లో చాపలు పరిచి అందరినీ కూర్చోబెట్టేవాళ్ళం. పేషెంట్లు ఒక్కొక్కళ్ళే లేచి, ఆ వారం ఎలా గడిచిందో తమ వాళ్ళ ముందు చెప్పాలి. దొంగతనంగా తాగినవాడు ఎవడైనా ఉంటే అక్కడే ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఉండనిచ్చేవాళ్ళం, బుకాయిస్తే పంపించేసేవాళ్ళం. ఆ రివాజు నేను పెట్టిందే.

అతని వంతు వచ్చింది. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గోడ పట్టుకుని లేచాడు. రెండడుగులు వేసి పక్కవాడి మీదికి తూలాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, పడవలో నిలబడ్డవాడిలా నిలబడ్డాడు. కళ్ళు ఒకచోట ఆగడం లేదు. భార్య వైపు తిరిగి, ఇంకా చెరువు గట్టు మీదే ఉన్నట్టు "మోటారు ఆపేశారా? గట్టు తెగుద్ది" అన్నాడు. ఆమె అన్నలు మొహాలు చూసుకున్నారు.

నేను లేచి అతని ఎదురుగా నిలబడ్డాను. "నన్ను చూసి చెప్పు. తాగావా?"

"లేదండి" అన్నాడు. కళ్ళు చికిలించి, "మీరు ఇద్దరేసి కనబడుతున్నారండి" అన్నాడు.

"ఎంత పట్టిస్తే నేను ఇద్దరు కనబడుతున్నాను?" అన్నాను.

హాలంతా నవ్వింది. పేషెంట్లు నవ్వారు, వాళ్ళ పెళ్ళాలు నవ్వారు. నవ్వించినందుకు నాకు లోపల కాస్త హుషారుగా కూడా అనిపించింది. ఈ సంగతి నేను దాచుకోదలచుకోలేదు. ఆ హుషారు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

కౌన్సిలర్ అతని దగ్గరగా వెళ్ళి నిలబడి, నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "వాసన రావడం లేదండి మేడమ్."

"వాసన రాని సరుకు బోలెడుంది. నువ్వు తాగే రోజుల్లో దొరికేది కాదేమో" అన్నాను, అందరికీ వినబడేలా. అతని మొహం మాడిపోయింది. వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

"ఒప్పుకుంటే ఉండనిస్తాం" అని పేషెంటుతో అన్నాను.

"తాగలేదండి. పాప మీద ఒట్టండి."

"పిల్లని మధ్యలోకి లాగకు."

"తాగలేదండి" అన్నాడు మళ్ళీ. గొంతు పెంచలేదు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. భార్య అతన్ని చూడడం మానేసి నన్నే చూస్తోంది. లేచి నా దగ్గరికొచ్చింది.

"నిజంగా తాగారాండి మేడమ్ గారూ? మీకు తెలుస్తుంది కదండీ. మీరు చెప్పండి."

మొగుడు బిడ్డ మీద ఒట్టేసి చెబుతున్నా, నమ్మడానికి ఆమెకి నా మాట కావలసి వచ్చింది. అంత నమ్మకం పెట్టి అడిగింది. ఒక్క క్షణం ఆగి, అతని నాలుక చూసి, కళ్ళలోకి లైటు వేసి చూసి ఉంటే నా చదువు నాకు గుర్తొచ్చేది. మాత్రలు గుర్తొచ్చేవి.

"నా సర్వీసంతా ఇవే చూశానమ్మా. తాగాడు" అన్నాను.

అన్నలు సంచీ అందుకున్నారు. ఆమె పాపని ఎత్తుకుంది. పాప తండ్రి దగ్గరికి వెళ్తానని గింజుకుంటుంటే చెయ్యి పట్టి లాగేసింది. అతను వాళ్ళ వెనకాల వెళ్ళబోయి గుమ్మంలో పడ్డాడు. ఎవరూ లేపలేదు, తాగి పడ్డవాడేగా అని.

పంపించేస్తున్నామని మేం ఫోన్ చేస్తే ఆ సాయంత్రం అతని అన్నయ్య వచ్చి తీసుకెళ్ళాడు. బస్టాండులో కండక్టర్లు తాగినవాణ్ణి ఎక్కించుకునేది లేదన్నారట. ఒక బస్సు పోయింది, ఇంకోటి పోయింది. చూసేవాళ్ళ ముందు అన్నయ్యకి తల కొట్టేసినట్టయింది. మత్తు దిగాక వాడే వస్తాడులే అని బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున బస్టాండు ఊడ్చే ఆమె, పిలిస్తే పలకడం లేదని అంబులెన్సుకి ఫోన్ చేయించింది. అతని జేబులో మందుల కవరు మీద మా సెంటర్ పేరు చూసి ఆసుపత్రి వాళ్ళు మాకు కబురు చేశారు.

నేనూ కౌన్సిలరూ వెళ్ళేసరికి అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. అప్పటికే నరంలోకి బి-వన్ ఎక్కిస్తోంది. మమ్మల్ని కూర్చోమంది.

"తాగి ఉన్నాడని పంపేశారా?" అని అడిగింది.

"తూలుతున్నాడండి. మాట పొంతన లేదు" అన్నాను.

"కళ్ళు అలా కొట్టుకుంటున్నాయి కదా. అది చూశారా? విటమిన్ లేక మెదడు దెబ్బతింటే ఇలాగే ఉంటుంది. మీ దగ్గర బి-వన్ ఎన్నాళ్ళు ఇచ్చారు?"

"మాత్రలు ఇచ్చామండి" అన్నాను.

"మాత్రలా?" అంది. అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ రోజు గడిచేసరికి అతని కళ్ళు నిలబడ్డాయి. ఒక మనిషి ఒక్కడిగానే కనబడుతున్నాడని చెప్పాడు. తాగి తూలినవాడికి విటమిన్ సూదితో చూపు చక్కబడదు. అతను తాగలేదని తెలియడానికి ఇక వేరే రుజువు అక్కర్లేకపోయింది.

తిరిగి వస్తూ ఆటోలో కౌన్సిలర్ నా వైపు తిరిగాడు. "తాగినవాణ్ణి నేను గుర్తుపట్టలేనాండి మేడమ్? వాడు తాగలేదని నాకు తెలిసిపోయింది. మీరు నా పాత సంగతి ఎత్తేసరికి నోరు పెగల్లేదు" అన్నాడు. నా తప్పులో తనూ వాటా తీసుకుంటున్నాడు. వద్దని చెప్పడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

మర్నాడు ఇద్దరం ముదినేపల్లి వెళ్ళాం. వాళ్ళ వాకిట్లో నిలబడి, అన్నలు వింటుండగా చెప్పాను. "మీ ఆయన తాగలేదమ్మా. నేను వేయాల్సిన సూది వేయలేదు. అందువల్ల వచ్చింది ఇదంతా."

పెద్దన్న నన్ను ఎగాదిగా చూశాడు. "తాగాడన్నదీ మీరే, లేదంటున్నదీ మీరేనాండి? ఇందులో ఏది నమ్మమంటారండి?" అన్నాడు. మర్యాదగానే అడిగాడు. ఆమె మాత్రం లోపలికెళ్ళి చెప్పులేసుకుని వచ్చి ఆటోలో కూర్చుంది.

అతని కాళ్ళు చాలామటుకు బాగుపడ్డాయి. జ్ఞాపకం బాగుపడలేదు. పాత సంగతులు ఉన్నాయి, కొత్తవి నిలవవు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి పోతుంది. మధ్యలో ఖాళీలుంటే మనసు తనకి తోచింది పెట్టి పూడ్చుకుంటుందని, అది అబద్ధం కాదని, చెప్పే మనిషి నిజమేననుకుంటాడని డాక్టరమ్మ భార్యకి వివరించింది.

డాక్టర్ గారికి అంతా చెప్పాను. ఆయన కోప్పడ్డారు, తరవాత తననీ తిట్టుకున్నారు. ట్రస్టు వాళ్ళు నా ఉద్యోగం తీయలేదు. విషయం బయటికి రాకుండా ఉండడమే వాళ్ళకి ముఖ్యం. సూదుల బీరువాకి తాళం వేసి, పేషెంట్లకి తప్ప ఎవరికీ తీసేది లేదన్నాను. ట్రస్టు సభ్యుడు నాతో మాట్లాడ్డం మానేశాడు. సూది వేయనన్నందుకు మా చెల్లెలు ఇప్పటికీ దెప్పుతుంది.

పిల్లలూ, ఒక సంగతి తేటగా చెబుతాను. విటమిన్ తాగుడు మాన్పించదు. అలా చెప్పి సీసాలు అమ్మేవాళ్ళని నమ్మకండి. కానీ మందు మానిన మొదటి వారాల్లో మనిషికి కలిగే దిగులు, విసుగు, నిద్రలేమి అన్నీ మనసు బలహీనతే అనుకోకండి. అందులో కొంత ఆకలితో మాడిన ఒంటిది. మా దగ్గర సూదులు సరిగ్గా వేసి, గుడ్డూ పప్పూ ఆకుకూరా కడుపునిండా పెట్టడం మొదలెట్టాక, కౌన్సిలర్ మాటలు వినడానికి పేషెంట్లలో ఓపిక కనబడింది. అంతకుముందు వాళ్ళని మొండివాళ్ళని తిట్టేదాన్ని.

రిటైరయ్యాక ఒకసారి ధైర్యం చేసి కలిదిండి వైపు వెళ్ళాను. వస్తున్నానని ముందుగా ఫోన్ చేశాను. చెరువు గట్టు పక్కన రేకుల ఇల్లు. అతను చెరువు మీద వాలే పిట్టల్ని తోలే పని చేస్తున్నాడు. రోజూ అదే చోట కూర్చోవాలి, డబ్బా మోగించాలి. గుర్తుపెట్టుకోవలసింది ఏమీ లేదు. ఆ తరవాత ఎప్పుడూ తాగలేదని భార్య చెప్పింది.

"ఏలూరు మేడమ్ గారొచ్చారు" అంది ఆమె అతనితో.

అతను గబగబా లేచి నా ఎదురుగా వచ్చి రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోయిందండి మేడమ్ గారూ. ఆ ఆదివారం తాగేశానండి. గోడ అవతల్నించి ఎవరో అందించారండి. వద్దనలేకపోయానండి."

"లేదు బాబూ. నువ్వు తాగలేదు. నేనే తప్పు చెప్పాను. తప్పు నాది" అన్నాను.

"అంత మాట అనకండి. మీరు పెద్దవారు" అన్నాడు. కాసేపు పాప చదువు గురించి మాట్లాడాడు. ఆమె టీ తెచ్చేలోపు మళ్ళీ చేతులు జోడించాడు. "తప్పయిపోయిందండి. తాగేశానండి."

ఆ రోజు అందరి ముందూ నేను ఎంత గుచ్చి అడిగినా ఒప్పుకోని మనిషి. అన్నీ మరిచిపోయి, నేను అన్న మాట ఒక్కటి తనదిగా ఉంచుకున్నాడు.

ఆమె నన్ను పక్కకి పిలిచింది. "కాదని నేను రోజూ చెబుతానండి. ఊ అంటారు, మళ్ళీ మొదటికే వస్తారు. మీరొస్తున్నారని ఇందాక చెప్పిన దగ్గర్నించి అన్నం ముట్టలేదండి. మీకు మొహం ఎలా చూపించాలని ఒకటే మథనపడిపోతున్నారండి." నా చెయ్యి పట్టుకుని అంది. "క్షమించానని ఒక్క మాట అనెయ్యండి మేడమ్ గారూ. లేకపోతే తినరండి."

నేను వెళ్ళి అతని ముందు నిలబడ్డాను. నేను అడిగి పుచ్చుకోవడానికి వెళ్ళిన మాట అది.

"క్షమించాను బాబూ" అన్నాను.

అతని మొహం తేటపడింది. "ఆయ్" అన్నాడు. తొట్టి దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆమె అన్నం పెట్టి చేపల పులుసు పోసింది. ఆకలి మీద ఉన్నాడేమో, తల వంచుకుని కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. ఆమె నాకూ కంచం పెట్టింది. నేను రెండు ముద్దలు కెలికి లేచాను.